గంట మోగని అరగంట

గురువారం పొద్దున్నే గుడ్డట్టు తిని, సోయా పాలు తాగి, తన ప్రోగ్రాము ఎలా నడుస్తోందో ఓసారి చూసుకుని, తొమ్మిదికల్లా ఆఫీసులో ఉండాలనుకుంది యిజెన్. తైపే సందులో షుచిన్ నడిపే టిఫిన్ హోటల్లో ఆర్డర్ల యంత్రం పెట్టి వారమైంది. ఇవాళ షుచిన్ సంతకం పెడితే యంత్రం ఉంటుంది, యిజెన్ ఉద్యోగమూ ఉంటుంది. పెట్టకపోతే రెండూ ఊడతాయి.

మొదట్లో అంతా సవ్యంగానే సాగింది. ఆ హోటలుకు ముల్లంగి కేకులతోనే పేరు. షుచిన్ మొగుడు ఆహై వంటగదిలో తెర వంక చూసే రకం కాదు. గంట మోగితే ఒక కేకు పెనం మీద వేస్తాడు, అంతే. ఎనిమిదయ్యేసరికి ఒక్క ఆర్డరుకు గంట నలభైసార్లు మోగింది. ఆహై నలభై కేకులు వేశాడు.

"ఒక్క మనిషికి నలభయ్యా? పెళ్ళివారేమైనా దిగారా?" అని అరిచింది షుచిన్.

"మోగింది, వేశాను. మధ్యలో నన్నంటావేం?" అన్నాడు ఆహై.

యంత్రం బుద్ధిగా ఉండాలని అక్కడి ఆచారం ప్రకారం దాని నెత్తిన పెట్టిన ఆకుపచ్చ చిరుతిళ్ళ ప్యాకెట్టు తీసి చూసింది షుచిన్. "గడువు తేదీ కూడా దాటలేదు! మరి దీనికేం రోగం?"

రోగమేమిటో యిజెన్‌కు తెలుసు, సిగ్గు కూడా వేసింది. ఆర్డరు రాగానే ఎవరెవరిని పిలవాలో యంత్రం దగ్గర ఒక జాబితా ఉంటుంది. తెర మీద తెరుచుకునే ప్రతి చీటీ అందులో పేరు రాయించుకుంటుంది. పనయ్యాక చీటీ మూసుకుంటుంది కానీ, పేరు కొట్టేసే నాథుడు లేడు. పేరున్నంతకాలం యంత్రం దాన్ని మెమరీలోంచి ఊడ్చెయ్యదు. కొత్త ఆర్డరు రాగానే పాత చీటీలన్నీ లేచి తలా ఓసారి గంట కొడుతున్నాయి.

"జాబితా పట్టు వదులు చేస్తానక్కా. పనున్నంతసేపే పిలుస్తుంది, పనైపోతే వదిలేస్తుంది," అంది యిజెన్.

"చేసి చావు తల్లీ! లేదంటే ఈ నలభై నువ్వే తినాలి."

గంట కొట్టే పని చీటీల నుంచి తీసేసి, ఒకే ఒక్క గంటకు అప్పగించింది యిజెన్. చీటీల పట్టు వదులు చేసి, అదే ఊపులో గంట పట్టూ వదులు చేసింది. చీటీలను తెరైనా పట్టుకుని ఉంటుంది, గంటను పట్టుకునే దిక్కే లేదు. యంత్రం దాన్నీ చెత్త కింద కట్టి ఊడ్చేసింది.

ఇక నిశ్శబ్దం. నలభై కేకులూ అయిపోయాయి, కొత్తవి రాలేదు. వరస బస్టాపు దాకా పాకింది. అంత వరస చూసి ఏదో గొప్పదే దొరుకుతుందని దారినపోయేవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు.

"దీన్ని మోసుకెళ్ళి మీ మేనేజరు బల్ల మీద పడేస్తా!" అంది షుచిన్.

ప్రోగ్రాములో గంటను తెరకు గట్టిగా కట్టేసింది యిజెన్. ఆర్డరు వచ్చింది. గంట ఒక్కసారే మోగింది. ఇంకో ఆర్డరు, మళ్ళీ ఒక్కసారే. కేకు మాత్రం రాలేదు. యిజెన్‌కు ఏడుపొచ్చింది. "మోగుతోందిగా అక్కా! ఇంకెక్కడుందో తప్పు, నాకు తెలీట్లేదు," అంటూ వంటగదిలోకి వెళ్ళింది.

పెనం చల్లారిపోయి ఉంది. ఆహై లేడు.

వెనక పార్కులో చదరంగం ఆడుతూ దొరికాడు. "అరగంట నుంచీ గంట లేదు, నువ్వూ అరవలేదు. ఇవాళ్టికి పనైపోయిందనుకున్నా," అన్నాడు.

షుచిన్ అతన్ని కాలరు పట్టుకుని లాక్కొచ్చి పెనం ముందు నిలబెట్టింది. చెయ్యి తుడుచుకుని కాగితం మీద సంతకం పెట్టింది. "యంత్రంలో ఏ తప్పూ లేదమ్మాయ్, ఇక్కడే ఉండనీ. అంతగా తీసుకుపోవాలంటే ఈయన్ని తీసుకుపో."

ఆయన్ని వెనక్కిచ్చే గడువు దాటి అప్పటికి ముప్పై ఒక్క ఏళ్ళయింది.