మార్కండేయులి కడుపునొప్పి పెట్టుకున్న అర్జీ

సోమవారం ఉదయం పదింపావుకు మార్కండేయులి కడుపునొప్పి అతని కడుపులోంచి లేచి వెళ్లి, అందరితోపాటు వరసలో నిలబడి, అతనికే అర్జీ ఇచ్చింది. తహసీల్దారు కార్యాలయంలో ఇరవై రెండేళ్లుగా అర్జీలు తీసుకుంటున్న మనిషి కాబట్టి అతను కంగారేమీ పడలేదు. నొప్పి బయటికొచ్చినా బాధ లోపలే ఉంది. అర్జీదారు ఆఫీసుకొచ్చినంత మాత్రాన ఊళ్లో సమస్య తీరిపోదు కదా.

"నివాసం?" అన్నాడు తలెత్తకుండా.

"బొడ్డు చుట్టుపక్కలండి. నిన్న సాయంత్రం నుంచి."

"కారణం?"

"అది తమరే కనుక్కోవాలండి."

అర్జీదారు కారణం చెప్పలేకపోతే మార్కండేయులే రాసేస్తాడు. ఆఫీసులో పని నడిచేది అలాగే. 'ఆదివారం మిరపకాయ బజ్జీలు' అని రాసి, 'గ్యాసు విభాగానికి, తగు చర్య నిమిత్తం' అని పంపాడు. ఇంట్లోంచి భార్య ఫోన్ చేసి వాము నమలమంది. నమిలాడు. వాము నమిలాడు గనక 'పరిష్కరించడమైనది' అని ముద్ర కొట్టాడు. పాపం, ఆ ముద్రంటే అతనికి ప్రాణం.

మధ్యాహ్నం నొప్పి మళ్లీ వరసలోకొచ్చింది.

"మకాం మారిందండి. కుడివైపు కిందికి దిగాను. ఇంక కదలనండి."

మార్కండేయులికి ఒళ్లు మండింది. చిరునామా మారితే పాత అర్జీ చెల్లదు, మళ్లీ కొత్తగా పెట్టుకోవాలి. నొప్పి ఓపిగ్గా పెట్టుకుంది. ఈసారి జ్వరం, రెండు వాంతులు, అడుగు తీసి అడుగేస్తే పొడుచుకురావడం కూడా జతచేసింది. అతను కుర్చీలో ఇటు జరిగి అటు జరిగి, లేచి, వంగి, మళ్లీ కూర్చుని, 'వారంలోగా పరిశీలించగలరు' అని రాశాడు.

అటెండరు నూకాలమ్మ మంచినీళ్లు తెచ్చి అతని మొహం చూసింది.

"బాబూ, ఇది వాముకి లొంగేది కాదు. ఆస్పత్రికెళ్లిపోండి."

"ఇవాళ అర్జీల రోజు నూకాలమ్మా. అయిదింటికి కలెక్టరుగారి సమీక్ష ఉంది. పెండింగు ఒక్కటి కూడా ఉండకూడదు."

నాలుగున్నరకి అన్ని అర్జీలూ అయిపోయాయి, ఒక్కటి తప్ప. తహసీల్దారు రెండుసార్లు తొంగిచూసి, "ఆ ఒక్కటీ ఎవరిదయ్యా?" అనడిగారు. నాదేనని చెప్పడానికి మార్కండేయులికి సిగ్గేసింది. నిజానికి భయం కూడా వేసింది. కానీ భయానికి ఆ ఆఫీసులో విభాగం లేదు.

నాలుగూ నలభైకి నొప్పి తనంతట తానే వచ్చింది.

"అర్జీ వెనక్కి తీసుకుంటున్నానండి," అంది, వెళ్లిపోయింది.

పొద్దుటి నుంచీ మెలిపెట్టిన బాధ చటుక్కున మాయమైంది. మార్కండేయులు హాయిగా ఊపిరి వదిలి ముద్ర కొట్టాడు. పెండింగు సున్నా. తహసీల్దారు వచ్చి భుజం తట్టారు.

నూకాలమ్మ మాత్రం నవ్వలేదు.

"మా మరిదికీ ఇలాగే ఒక్కపాలి తగ్గిపోయింది బాబూ. బతికిపోయాడనుకున్నాం. లోపల పేగు పగిలిపోయిందని డాక్టరు చెప్పేసరికి ఆలీసమైపోయింది. ఆటో పిలిచాను, లేవండి."

"నొప్పే లేదు కదా. ఏమని చెప్పుకోను అక్కడ?"

అతని నుదుటి మీద చెమట చల్లగా ఉంది. కడుపు చెక్కలా బిగిసింది. ఆ సంగతి రాద్దామని కాగితం తీసుకున్నాడు, కానీ వరసలో అర్జీదారు లేడు. అర్జీదారు లేని అర్జీ తీసుకునే అలవాటు అతనికి లేదు.

నూకాలమ్మ చెయ్యిపట్టి లాగుతోంది. రసీదుల కోసం నిలబడ్డ పదిమందీ ఆమెనే వింతగా చూశారు. తగ్గిపోయాక ఆస్పత్రి దేనికన్నది వాళ్లకీ న్యాయంగానే తోచింది. వాళ్ల ఇళ్లల్లోనూ ఒకరిద్దరు అలా తగ్గిపోయినవాళ్లే, ఫొటోల్లో ఉన్నారు.