బొరియదే తప్పు

ఒక పెద్ద అడవిలో ఆకలి లేకపోయినా తినడం కొత్తగా మొదలైంది. అంతకుముందు అక్కడ ఆకలేస్తే తినేవారు, కడుపు నిండితే ఊరుకునేవారు. అంత అనాగరికమైన అడవి అన్నమాట.

దానికి నాగరికత తెచ్చినవాడు గుంటయ్య అనే నక్క. వాగుకి వెళ్ళే దారి మలుపులో పొయ్యి పెట్టి, ఇప్పనూనెలో దుంపలు వేయించి, పైన తేనె చిలకరించి, ఆకు పొట్లం కట్టి ఇచ్చేవాడు. కొట్టుకి 'చిటికె' అని పేరు పెట్టాడు. చిటికె వేసేలోగా పొట్లం చేతిలో పడేది. రెండు పచ్చి దుంపలు ఇస్తే ఒక వేయించిన దుంప ఇచ్చేవాడు. ఇందులో లాభం ఎవరిదని ఒక్కరూ అడగలేదు. వాసన అలాంటిది.

పిల్లల పొట్లంలో ఒక గురివింద గింజ ఉచితం. దండకి సరిపడా గింజలు పోగయ్యేదాకా ఏ పిల్లా తల్లిని బతకనిచ్చేది కాదు.

కొట్టు పెట్టకముందు అందరూ అతన్ని గుంటనక్క అనేవారు. పెట్టాక గుంటయ్యగారు అన్నారు. నక్క మాంసం మానేసిందంటే నమ్మేదెలా అని ముందు కొందరు సణిగారు. వ్యాపారస్థుడిని పట్టుకుని అలాంటి మాటలు బాగుండవని తర్వాత వాళ్ళే సర్దుకున్నారు.

చెవులమ్మ అనే కుందేలు కూడా మొదట సణిగినదే. ఆమెకి ఒక్కతే కూతురు, దూది. పుట్టినప్పుడు దూదిపింజలా ఉందని పెట్టిన పేరు. పొద్దంతా గరిక కోసం తిరిగి తిరిగి ఇంటికొస్తే, ఆ పిల్ల కాళ్ళకి చుట్టుకుని "అమ్మా, చిటికె!" అని రాగం తీసేది. ఒకరోజు సరే అంది చెవులమ్మ. ఆ పూట పిల్ల పేచీ పెట్టకుండా తినేసి పడుకుంది. తల్లి ప్రాణం హాయిగా ఉంది. మర్నాడూ సరే అంది. వానలు వెళ్ళి ఎండలు వచ్చేసరికి దూది మెడలో మూడు పేటల గురివింద దండ తయారైంది. మెడ మాత్రం కనబడటం మానేసింది.

ఒక సాయంత్రం అడవిపిల్లి వచ్చింది. కుందేళ్ళన్నీ ఎవరి బొరియలోకి అవి దూకాయి. దూది కూడా దూకింది. తలా ముందుకాళ్ళూ లోపలికి వెళ్ళాయి, తక్కినదంతా బయటే ఉండిపోయింది. లోపలున్న చెవులమ్మ పిల్ల చెవులు రెండూ పళ్ళతో పట్టి లాగింది. పిల్ల కెవ్వుమంది. ఎలా వచ్చిందో ఏమో, చివరికి లోపలికి వచ్చి పడింది. తోక మాత్రం పిల్లి పంజాలో ఉండిపోయింది.

గాయానికి ఆకుపసరు పూస్తూ చెవులమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఈసారికి తోకతో పోయింది, మళ్ళీసారి పిల్లే పోతుంది. ఆ భయంతో ఆమెకి మెతుకు దిగలేదు. తెల్లారగానే పిల్లని వెంటబెట్టుకుని అడవి సభకి పోయి మొరపెట్టుకుంది.

సభాపతి గజపతిరావుగారు, ఏనుగు. తోక లేని పిల్లని చూసి ఆయన నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకుని, అక్కడికక్కడే ఒక విచారణ సంఘం వేశారు. అధ్యక్షుడు తనే. సభ్యులు ఎలుగుబంటి డాక్టరుగారూ, కొండముచ్చూ. కొండముచ్చు వ్యాయామ నిపుణుడు. ఏడాదికోసారి 'ఆరోగ్య పరుగు' పెట్టించేవాడు. ఆ పరుగు 'చిటికె' కొట్టు ముందు ముగిసేది. ముగించినవాళ్ళకి పొట్లం ఉచితం.

విచారణ మొదలవ్వబోతుంటే ఒక చిక్కు వచ్చింది. సంఘానికి పలహారం ఎవరు పెట్టాలి? పలహారం లేకుండా సభ జరిగిన ఆనవాయితీ ఆ అడవిలో లేదు.

"నాకా భాగ్యం ఇప్పించండి," అని గుంటయ్య చేతులు కట్టుకున్నాడు. "న్యాయం చెప్పేవారు కాలే కడుపుతో కూర్చుంటే అడవికి అరిష్టం."

"విచారణ నీ మీదే కదయ్యా?" అన్నారు గజపతిరావుగారు.

"అందుకే కదండీ, బాధ్యత కూడా నేనే తీసుకుంటున్నాను."

ఈ మాట సభకి బాగా నచ్చింది. ఈ కాలంలో బాధ్యత తీసుకునేవాళ్ళు ఎక్కడున్నారని కొండముచ్చు చప్పట్లు కొట్టాడు.

పళ్ళేలు వచ్చాయి. చెవులమ్మ లేచి, "అయ్యా, నా పిల్ల లావైపోయి..." అనేసరికి గజపతిరావుగారు తొండం ఎత్తారు.

"ఆ మాట వద్దమ్మా. మనసులు నొచ్చుకుంటాయి. 'నిండుదనం' అను."

"సరేనండి. నా పిల్ల నిండుదనం బొరియలో పట్టలేదు. పిల్లి తోక పీకేసింది."

"గుంటయ్యా, ఏమంటావు?"

"ఏమంటానండీ, గుండె తరుక్కుపోతోంది," అన్నాడు గుంటయ్య, డాక్టరుగారి పళ్ళెంలో ఇంకాస్త వడ్డిస్తూ. "కానీ చెల్లెమ్మా, నేనేమైనా మెడ పట్టుకుని మింగించానా? నోరు ఎవరిది?"

"నోరు పిల్లదే. పెట్టిన చెయ్యి నాదే, కాదనను," అంది చెవులమ్మ. "బుద్ధి గడ్డి తిని పెట్టాను. మేము కూడా గడ్డే తినుంటే ఈ గతి పట్టేది కాదు. కానీ గాలి వాటం చూసి మా బొరియల వైపు పొయ్యి తిప్పిందెవరు? గింజ చూపించి పిల్లని పిలిచిందెవరు? నా తప్పు నా నెత్తిన పెట్టండి, మోస్తాను. ఆయన తప్పు కూడా నా నెత్తినే పెడితే ఎలాగండీ?"

ఎలుగుబంటి నమలడం ఆపేశాడు.

"పాపం, నిన్నటి నుంచీ ఏమీ తిన్నట్టు లేదు," అన్నాడు గుంటయ్య జాలిగా. ఒక వేడి పొట్లం విప్పి ఆమె ముందు పెట్టాడు.

తినకూడదనుకుంది చెవులమ్మ. నిజంగానే అనుకుంది. కానీ కడుపు నకనకలాడుతోంది, ముక్కు కింద తేనె వాసన. ఎప్పుడు నోట్లో పెట్టుకుందో ఆమెకే తెలియదు. కరకరమన్న చప్పుడు సభంతా వినిపించింది.

"ఫిర్యాదు చేసినవారు కూడా తిన్నారు," అని కొండముచ్చు గట్టిగా ప్రకటించాడు. చెవులమ్మకి భూమి చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది. పక్కనే కూతురు తనకేసి చూస్తోంది.

పలహారం ఉన్నన్నాళ్ళు విచారణ సాగింది. పలహారం రోజూ ఉంది. ఆ పిల్లది తిండి వల్ల వచ్చిన నిండుదనం కాదనీ, ఎముకే పెద్దదనీ డాక్టరుగారు తేల్చారు. తేల్చేసరికి ఆయన చెట్లెక్కడం మానేశారు. కొండముచ్చు కూర్చున్న కొమ్మ విరిగితే, ఇంకో కొమ్మ వేయించారు. చివరికి గజపతిరావుగారు తీర్పు చదివారు.

"తిన్నవారి తప్పు లేదు. పెట్టినవారి తప్పు లేదు. వేయించినవారి తప్పు అసలే లేదు. బొరియ ఇరుకు. కాబట్టి అడవిలోని బొరియలన్నిటికీ మూతులు వెడల్పు చేయవలెను."

"అయ్యయ్యో! ఇరుకుగా ఉంటేనే కదండీ పిల్లీ నక్కా పట్టనిది!" అని చెవులమ్మ గోలపెట్టింది.

"అసలు బొరియే లేకుండా ఇన్నేళ్ళు బతికానమ్మా, నాకేమైంది?" అన్నారు గజపతిరావుగారు.

తవ్వే పని గుంటయ్య ఊరికే చేసిపెడతానన్నాడు. సేవాభావం అంటే ఇదేనని మళ్ళీ చప్పట్లు.

చెవులమ్మ బొరియ మూతి తవ్వుతూ గుంటయ్య తల లోపలికి పెట్టి, దూదిని ఎగాదిగా చూశాడు. ఆ చూపు వ్యాపారస్థుడిది కాదు. చెవులమ్మ కూతురికి అడ్డంగా నిలబడింది.

"మూతి చాలండి గుంటయ్యగారూ. తీర్పులో మూతి అనే ఉంది. లోపల నేను తవ్వుకుంటాను," అంది.

అతను వెళ్ళాక ఆమె పిడికెడు మట్టి కూడా తీయలేదు. బొరియ మూతి దగ్గర గుమ్మంలా ఉంది, లోపల పాత ఇరుకే. ఇక ఆ ఇరుకులో పిల్ల పట్టాలి. ఆ రోజు నుంచి కొట్టు దారి వదిలేసి, పొద్దున్నే దూదిని కొండ అవతలి గరికకి నడిపించింది. పిల్ల అడుగుకోసారి కూలబడి ఏడ్చేది.

"నువ్వు మాత్రం సభలో తిన్నావుగా!" అందొకసారి.

"తిన్నానే తల్లీ," అంది చెవులమ్మ. "అందుకే ఇద్దరం నడుద్దాం, లే."

మెల్లమెల్లగా పిల్ల మెడ బయటపడింది. గురివింద దండ వదులైంది.

తొలకరి వచ్చేసరికి అడవిలో పచ్చి దుంప అన్నది లేదు. ఒకటికి రెండు చొప్పున అన్నీ కొట్టుకే చేరి అందరి పొట్టల్లో కరిగిపోయాయి. పొయ్యి చల్లారింది. గుంటయ్యగారు మళ్ళీ గుంటనక్క అయ్యాడు.

ఓ ముసురు పట్టిన పూట అతను పొదల చాటు నుంచి తల్లీకూతుళ్ళ మీదికి దూకాడు. ఇద్దరూ బొరియలోకి పరిగెత్తారు. ముందు దూది. ఇరుకు దగ్గర దాని నడుము పట్టేసింది. "అమ్మా!" అని అరిచింది. వెనక నక్క ఊపిరి వేడిగా తగులుతోంది. చెవులమ్మ ప్రాణాలన్నీ బిగబట్టి తలతో ఒక్క తోపు తోసింది. పిల్ల జర్రున జారింది, వెనకే తల్లీ జారింది.

నక్క కూడా అదే ఊపున దూరాడు. తన ఒంటికి సరిపడా తనే తవ్వుకున్న మూతి కదా, సుఖంగా లోపలికి వచ్చాడు. తల ఇరుకులోకి వెళ్ళింది. ప్రతి వాయికీ ఉప్పు చూసి చూసి పెంచిన పొట్ట వెళ్ళలేదు. ముందుకీ లేదు, వెనక్కీ లేదు.

ఊళ విని అడవంతా చేరింది. సంఘం కూడా ఆయాసపడుతూ వచ్చింది.

"అయ్యా, బొరియ ఇరుకు!" అని నక్క లోపలి నుంచి మొత్తుకున్నాడు. "మీ తీర్పు అమలు చెయ్యలేదు! బొరియదే తప్పు!"

చెవులమ్మ ఇరుకుకి అవతల, బొరియ వెనక ఉన్న చిన్న కన్నం నుంచి బయటికి వచ్చింది.

"నేనేమైనా మెడ పట్టుకుని లోపలికి తోశానా గుంటయ్యగారూ? తల ఎవరిది?"

"దీని మీద విచారణ వెయ్యాల్సిందే," అన్నారు గజపతిరావుగారు. చుట్టూ చూశారు. "పలహారం ఎవరు పెడుతున్నారు?"

అప్పుడు చెవులమ్మ కొండ అవతలి నుంచి తెచ్చుకున్న గరిక తడి దులిపి వాళ్ళ ముందు పెట్టింది. డాక్టరుగారు ఒక పోచ నమిలి మొహం చిట్లించారు.

"ఇందులో విచారించడానికేముంది? కుందేలు బొరియలో నక్కకేం పని?" అన్నారు.

"అసలే నక్క," అన్నాడు కొండముచ్చు.

"పైగా లావు," అన్నారు గజపతిరావుగారు, పోచ కింద పెట్టేస్తూ.

తీర్పు నిలబడే చెప్పేసి, గజపతిరావుగారు నక్క తోకకి తొండం చుట్టి ఒక్క లాగు లాగారు. నక్క బయటికి వచ్చి పొదల్లో పడి పారిపోయాడు. తోక తొండంలో ఉండిపోయింది. దూది దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత మెడలో దండ తీసి బురదలోకి విసిరేసి, తల్లి పక్కన గరిక కొరకడం మొదలుపెట్టింది.

నీతి: న్యాయం కావాలంటే సాక్ష్యం వెతకనక్కర్లేదు, పలహారం మారిస్తే చాలు.