చేపల రేట్ల ఫైలు దొంగ

"ఈ క్షణం నుంచి విశాఖపట్నంలో నేరం అనేది ఊపిరి బిగబట్టుకోవలసిందే! గవర్రాజు వచ్చేశాడు!"

ఇలా ప్రకటించి డిటెక్టివ్ గవర్రాజు, మద్దిలపాలెం డిపో ఎదురుగా ఉన్న సమాచార కేంద్రం మూడో అంతస్తులోకి అడుగుపెట్టాడు. నిజానికి అడుగుపెట్టింది నాలుగో ప్రయత్నంలో. మొదటి మూడుసార్లూ 'లాగుము' అని రాసి ఉన్న అద్దాల తలుపుని బలంకొద్దీ తోశాడు. చివరికి లోపల్నించి అక్కడ పనిచేసే ఇంద్రజే లేచి వచ్చి తెరిచింది.

నల్ల కళ్ళద్దాలు, సెప్టెంబరు ఉక్కపోతలో కోటు, మెడలో బైనాక్యులర్స్. విజిటింగ్ కార్డు మీద 'అంతర్జాతీయ పరిశోధకుడు' అని ఉంది. ఆయన ఇంతవరకూ చేపట్టిన కేసులు రెండు. మొదటిది వాళ్ళ వీధిలో పోయిన స్కూటరు. దాన్ని తనదనుకుని ఇంటికి తెచ్చుకున్నది ఆయనే. రెండోది ఇంకా విచారణలో ఉంది. అయినా ఆఫీసరు శ్రీరామ్మూర్తి ఆయన్నే పిలిపించాడంటే అందుకు బలమైన అర్హత ఒకటి ఉంది. గవర్రాజు ఆయన భార్యకి సొంత తమ్ముడు.

"శవం ఎక్కడ బావా?" అన్నాడు గవర్రాజు.

"శవం లేదు గవర్రాజూ. డేటా."

"పోయిందా?"

"అదే విచిత్రం. పోయింది గాని, ఉన్నాది."

గవర్రాజు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఇలాంటి కేసు తన జీవితంలోనే ఎదురవలేదన్నాడు. రెండు కేసుల జీవితంలో అది అబద్ధం కాదు.

కేసు అర్థం కావాలంటే ముందు ఇంద్రజ సంగతి తెలియాలి. ఆనందపురంలో కూరగాయలు పండించే ఇంటి పిల్ల. డిగ్రీ అయ్యాక ద్వారకా నగర్లో 'ఓపెన్ డేటాలో ఉజ్వల భవిష్యత్తు' అన్న బోర్డు చూసి కోచింగులో చేరింది. ఆఫీసుల బీరువాల్లో మూలుగుతున్న లెక్కల్ని ఎవరైనా చూసుకునేలా, వాడుకునేలా బయటపెట్టడమే ఓపెన్ డేటా అనీ, రేపటి ఉద్యోగాలన్నీ అందులోనే ఉన్నాయనీ అక్కడి మాస్టారు ఆర్నెల్లు ఊదరగొట్టాడు. బ్యాచ్‌లో నలభై ఇద్దరు చేరారు. అంతా అయ్యాక ఓపెన్ డేటా పేరు చెప్పి జీతం తీసుకుంటున్నవాళ్ళు ఇద్దరు తేలారు. ఒకరు ఇంద్రజ, ఇంకొకరు ఆ మాస్టారు.

తెల్లారకముందే ఫిషింగ్ హార్బరు జెట్టీ మీదికి వెళ్ళి, వేలం పాటలో ఏ చేప ఎంతకి పోయిందో ఫోన్లో ఎక్కించడం ఆమె పని. అది ఆఫీసులో రాత్రీ పగలూ ఆన్‌లో ఉండే ఒక కంప్యూటరుకి చేరి, అక్కణ్ణించి వెబ్‌సైటులో ఫైలుగా పడుతుంది. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. పది నెలలపాటు ఎవరూ దించుకోలేదు. ఫైలుని ఎంతమంది తీశారో చూపించే కౌంటరు రోజూ ఒకటి దగ్గరే ఆగేది. ఆ ఒక్కరూ ఇంద్రజే, ఫైలు సరిగ్గా పడిందో లేదో చూసుకోవడానికి. ఇంట్లో వాళ్ళమ్మ మాత్రం డేటా అన్న మాట విని, కూతురు ఫోన్ రీచార్జి కొట్లో చేస్తోందని ఊరంతా చెప్పుకుంది.

రెండు వారాల కిందట ఆ కౌంటరు ఉన్నట్టుండి అరవై ఒకటికి ఎగిరింది. ఆ రోజు నుంచి అదే వరస. ఉదయం ఆరూ పది అయ్యేసరికి అరవై ఒకటి. ఇంద్రజ ఆనందం పట్టలేక ఆ అంకెని ప్రింటు తీసి శ్రీరామ్మూర్తి ముందు పెట్టింది. ఆయన అది చూసి మంచినీళ్ళు తెప్పించుకున్నాడు.

"చోరీ!" అన్నాడు.

"చోరీ ఏటి సార్? అందరూ తీసుకోడానికే గదా పెట్టాం."

"పెట్టాం. తీసుకొమ్మన్నామా? అసలెవడికి కావాలమ్మా మన ఫైలు? పది నెలలు ఒక్కడు చూళ్ళేదు. మంచోడైతే అప్పుడే చూసీవోడు గదా! ఇప్పుడు చూస్తన్నాడంటే వాడి బుద్ధి మంచిది కాదు."

ఇంద్రజ ప్రింటు వెనక్కి తీసుకుంది. ఆమె కాంట్రాక్టు ఈ శుక్రవారంతో అయిపోతుంది. పొడిగింపు కాగితం ఆయన బల్లమీదే ఉంది, సంతకం లేకుండా. దొంగ దొరికితేనే సంతకమనీ, దొరక్కపోతే ఆ పోస్టే ఎత్తేయమని పైకి రాస్తాననీ ఆయన తేల్చేశాడు. అదీ బుధవారంనాడు గవర్రాజు రంగప్రవేశం చెయ్యడానికి కారణం.

"చూడమ్మాయ్, నన్ను సార్ అనకు. చీఫ్ అను" అన్నాడు గవర్రాజు, ఇంద్రజ కుర్చీలోనే కూర్చుని. "అరవై ఒక్కమంది ముఠా. ఒకే సమయం. ఒకే లక్ష్యం. దీని వేళ్ళు సముద్రాలు దాటి ఉన్నాయి!"

"అందులో ఒకటి నాను చీఫ్. మిగిలింది అరవై. అయినా చేపల రేట్లండీ అవి."

"పైకి చేపలు! ఇది చదువు. కోనాం ఎనిమిది వందల ఎనభై. ఇది రేటనుకుంటున్నావా? అక్షాంశం! చందువ ఏడు వందల ఇరవై. రేఖాంశం! ఈ రెండూ కలిసేచోట ఏముందో తెలుసా?"

"ఏటుంది చీఫ్?"

గవర్రాజుకి తెలీదు. "అది చెబితే నీ ప్రాణానికే ముప్పు" అన్నాడు. భూగోళం మీద తొంభై దాటి అక్షాంశం లేదని ఇంద్రజ చెప్పబోయింది గాని, సంతకం సంగతి గుర్తొచ్చి ఊరుకుంది.

గురువారం తెల్లారి హార్బరుకి గవర్రాజు మారువేషంలో వచ్చాడు. లుంగీ, తలపాగా, భుజాన ఎవర్నో అడిగి తెచ్చిన వల. కోటు మాత్రం వదల్లేకపోయాడు, జేబుల్లో పరికరాలున్నాయట. ఇంద్రజ పాట రేట్లు ఎక్కించుకుంటూ ఉంటే, ఆయన బైనాక్యులర్స్‌తో దూరంగా లంగరేసిన ఓడల్ని ఒక్కొక్కదాన్నీ అనుమానించాడు. సరిగ్గా ఆరూ పదికి ఐసు కొట్టే కుర్రాడొకడు ఫోన్ చూసి ముసిముసిగా నవ్వాడు.

"దొరికాడు!" అని గవర్రాజు పరుగందుకున్నాడు. మూడో అంగలో వల కాళ్ళకి చుట్టుకుంది. నాలుగో అంగ ఐసు పెట్టెలోకి పడింది. నడుం దాకా కూరుకుపోయాడు.

నిమిషంలో చేపలమ్మే ఆడవాళ్ళు చుట్టూ మూగారు. అందరి చేతుల్లోనూ ఫోన్లే.

"ఓలమ్మో, సూడండే! కోటేసుకుని దిగీసినాడు!" అంది ఒకావిడ.

వీడియో తీస్తున్నారనుకుని ఇంద్రజ సిగ్గుతో చచ్చిపోయింది.

"తప్పుకోండమ్మా! ఇక్కడ అరవైమంది కరడుగట్టిన దొంగలు తిరుగుతున్నారు!" అని గవర్రాజు పళ్ళు కొట్టుకుంటూ అరిచాడు. వాళ్ళు భయపడి తప్పుకున్నారు. ఐసు కుర్రాడి ఫోన్లో ఉన్నది వాడి ఏడాది కూతురి ఫోటో.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో గవర్రాజు తుమ్ముల మధ్య తన పరిశోధన ఫలితం వెల్లడించాడు.

"బావా! నేరస్తుడికి మూడు లక్షణాలుండాలి. ఫైలు సంగతి తెలిసుండాలి. హార్బరు తెలిసుండాలి. ఆరూ పదికి మెలకువగా ఉండాలి. ఈ మూడూ ఉన్న మనిషి ఈ గదిలోనే ఉంది!" అంటూ వేలు చాపాడు. అదే సమయానికి తుమ్ము రావడంతో వేలు శ్రీరామ్మూర్తి వైపు తిరిగింది. ఆయన కంగారుగా లేచాడు. గవర్రాజు ముక్కు తుడుచుకుని వేలుని సరిచేసి ఇంద్రజకి గురిపెట్టాడు.

"నాను పెట్టిన ఫైలు నానే దొంగిలిస్తానా?" అంది ఇంద్రజ.

"అరవై సార్లు! రోజూ!"

శ్రీరామ్మూర్తికి ఒక్కసారిగా అంతా తేటపడినట్టయింది. "అయితే ఇదా సంగతి? కాంట్రాక్టు అయిపోతందని, జనం చూస్తన్నారని చూపించడానికి నువ్వే నొక్కీసుకుంటన్నావా? రేపు పదింటికి రాజీనామా తెచ్చీ. మర్యాదగా పోతావు."

ఇంద్రజకి ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. పది నెలలు ఒక్కరోజు నాగా లేదు. ఆ చేపల వాసనకి హాస్టల్లో పక్క మంచం అమ్మాయి గది మార్చుకుంది. తుపాను రోజు కూడా వెళ్ళి, బోట్లు రాలేదని నిజాయితీగా సున్నాలు ఎక్కించి వచ్చింది. ఈ శ్రీరామ్మూర్తి చేపల రేట్ల ఫైలుకి ఆఫీసరయ్యాక ఒక్కసారైనా హార్బరు గుమ్మం తొక్కిన మనిషి కాదు. అలాంటి మనిషి చేత దొంగ అనిపించుకుని పోవాలి. ఇంటికెళితే నాన్న బ్యాంకు కోచింగంటాడు. ఆమె బయటికి వచ్చేసింది.

అయినా శుక్రవారం తెల్లారి మళ్ళీ జెట్టీకి వెళ్ళింది. ఆఖరి రోజు కదా అని ఎప్పుడూ వదిలేసే చిల్లర చేపల రేట్లు కూడా పూసగుచ్చినట్టు ఎక్కించింది. ఆ కౌంటరు మొహం చూడబుద్ధి కాక, ఫైలు పడిందో లేదో మాత్రం చూసుకోలేదు.

అదే వేళకి గవర్రాజు ఆఫీసులో ఉన్నాడు. ఇంద్రజ దొంగతనంగా కంప్యూటరు నొక్కుతుంటే పట్టుకోవాలని, బావ దగ్గర తాళాలు తీసుకుని రహస్య కెమెరాతో వచ్చి బల్ల కింద మాటు వేశాడు. ఆమె హార్బరులో ఉంటుందన్న సంగతి ఆయనకి తట్టలేదు. కెమెరాకి కరెంటు కావాలి. గోడకున్న ప్లగ్గులన్నీ నిండి ఉన్నాయి. చేతికందినదాన్ని పీకి, కెమెరా తగిలించి, గురకపెట్టి నిద్రపోయాడు. ఆయన పీకింది రేట్ల ఫైలుని వెబ్‌సైటుకి పంపే ఆ కంప్యూటరు ప్లగ్గే.

పదింటికి ఇంద్రజ రాజీనామా కాగితం శ్రీరామ్మూర్తి చేతికిచ్చింది. ఆయన దాన్ని విప్పేలోగా మెట్ల మీద జాతర చప్పుడైంది. తలుపు బార్లా తెరుచుకుంది. నడుమున బుట్టతో, చేతిలో ఫోనుతో ఒక పెద్దావిడ లోపలికొచ్చింది. ఆమె వెనక ఇంకో బుట్ట, దాని వెనక ఇంకోటి, మెట్ల కింది దాకా బుట్టలే.

"నాను సూర్యకాంతమ్మని. ఈ సేపల రేట్ల కాగితం ఎట్టీది ఎవులమ్మా ఇక్కడ?"

"నానేనమ్మా" అంది ఇంద్రజ.

"ఇయ్యాల రానేదేటమ్మా? ఆరున్నర దాకా సూసినాం. ఒంట్లో బాగోనేదా నీకు?"

"పొద్దున్నే పెట్టాను గదమ్మా!" అంటూ ఇంద్రజ కంప్యూటరు దగ్గరికి పరిగెత్తింది. తెర నల్లగా ఉంది. తీగ పట్టుకుని వెదుక్కుంటూ వంగితే, ఊడిన ప్లగ్గు, దాని పక్కన గవర్రాజు కనిపించారు.

"మీరందరూ మా ఫైలు తీసుకుంటన్నారా?" అన్నాడు శ్రీరామ్మూర్తి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. "ఎవరి పర్మిషనుతో?"

"'అందరికీ ఉచితం' అని నువ్వే రాసినావు గదా బాబూ. మా కోడలు సదివి సెప్పినాది. రాసినోడివి నువ్వు సదవనేదా?"

శ్రీరామ్మూర్తి రుమాలు ఇంకొంచెం పైకి జరుపుకున్నాడు.

సూర్యకాంతమ్మ ఇంద్రజ వైపు తిరిగింది. "జెట్టీ మీద పాట పెద్ద షావుకార్లది తల్లీ. మాకు గేటు కాడ ఆల్లు సెప్పిందే రేటు. ఆరొందల సేప తొమ్మిదొందలకి పాడినామంటే నమ్మీవోళ్ళం. రెండు వారాల కింద మా కోడలు ఈ కాగితం సూసి, లింకు మా గ్రూపులో ఎట్టినాది. అరవైమందిమి. అప్పట్నించి ఫోను ముందెట్టి బేరమాడతన్నాం, ఆల్ల నోరు లెగటం నేదు. ఇయ్యాల కాగితం నేదని ఆల్లకి తెలిసిపోనాది. ఒక్క పూటలో మల్లీ ముంచీసినారు. కాగితం అడుగున ఈ అడ్రసుంటే పట్టుకుని వచ్చీసినాం."

కౌంటరు మీద చూసిన అంకె బుట్టలెత్తుకుని ఎదురుగా నిలబడి ఉంది. ఎవరి కోసమో తెలియకుండా పది నెలలు రాసింది. వీళ్ళ కోసమని ఇప్పుడు తెలిసింది. ఇంద్రజకి ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

అప్పుడే బల్ల కింద అలికిడైంది. గవర్రాజు తల బల్లకి కొట్టుకుని బయటికొచ్చాడు. నిద్రకళ్ళతో జనాన్ని లెక్కపెట్టాడు. "అరవై! బావా, ముఠా మొత్తం వచ్చి లొంగిపోయింది! నా ఉచ్చు ఫలించింది! నేను కావాలనే పీకాను ఆ ప్లగ్గు!"

శ్రీరామ్మూర్తి బుర్ర ఇప్పుడు చురుగ్గా పనిచెయ్యడం మొదలుపెట్టింది. ఇది చోరీ కాదు, ఘనత. పైవాళ్ళకి రాసుకోవచ్చు, ఫోటో తీయించుకోవచ్చు. "ప్రజలకి పనికొస్తుందని నాకు ముందే తెలుసు" అన్నాడు గొంతు సవరించుకుని. "ఇంత ముఖ్యమైన పని కాబట్టి ఇక సీనియర్ని వేస్తాం. ఓపెన్ డేటాలో ఐదేళ్ళ అనుభవం ఉండాలి."

"ఈ పని మొదలెట్టిందే పది నెలల కిందట సార్" అంది ఇంద్రజ.

"ఈ కేసుతో నాకు బోలెడు అనుభవం వచ్చింది బావా" అన్నాడు గవర్రాజు.

సూర్యకాంతమ్మ ఇద్దర్నీ చూసింది. "అయితే రేపట్నించి ఈ పిల్ల రాదా?"

శ్రీరామ్మూర్తి సంతకం లేని పొడిగింపు కాగితాన్ని పక్కకి నెట్టాడు.

"దించండే బుట్టలు" అంది సూర్యకాంతమ్మ.

అరవై బుట్టలు దిగాయి. ఏసీ గదిలో, వరండాలో, మెట్ల మీద. ఐసు కరిగి నీళ్ళు ఫైళ్ళ బీరువా వైపు పాకాయి. సంగతి డిపో దాకా పాకి, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు సంచీలు పట్టుకుని పైకొచ్చారు. ఎవరో పెద్దమనిషి శ్రీరామ్మూర్తినే పట్టుకుని కవ్వళ్ళ చేపలెంతని అడిగాడు. ఆయన రుమాలు తీసి జవాబు చెప్పబోయి, గాలి పీల్చి, పొడిగింపు కాగితం లాక్కుని గబగబా సంతకం పెట్టేశాడు. బల్లమీదున్న రాజీనామా కాగితంలో సూర్యకాంతమ్మ నాలుగు కవ్వళ్ళు పొట్లం కట్టి, పాపం పొద్దున్నించీ పస్తున్నాడని గవర్రాజు కోటు జేబులో పెట్టింది.

"ఎన్నాళ్ళకి రాసినాడమ్మా?" అంది.

"పదకొండు నెలలు."

"అదేటి? ఏడాదికి పన్నెండు గదా?"

"రూలమ్మా" అన్నాడు శ్రీరామ్మూర్తి రుమాలు వెనకనుంచి. "పన్నెండో నెల కూడా ఇస్తే పర్మనెంటు చెయ్యమని అడుగుతారు."

సూర్యకాంతమ్మ బుట్ట నడుముకెత్తుకుంది. "మంచిది బాబూ. పన్నెండో నెల మేవు వచ్చీత్తాం, బుట్టలట్టుకుని. తారీకు సెప్పమ్మా, గ్రూపులో ఎడతాను."

ఇంద్రజ చెప్పింది. శ్రీరామ్మూర్తి చూస్తుండగానే అరవై ఫోన్లూ మోగాయి.