నా బీపీ కోసం పోతే

మా ఆవిడ పేరు ప్రశాంతి. ఆ పేరు పెట్టినవాళ్లు ఆదివారం పూట మా ఇంటికి ఎప్పుడూ రాలేదు.

నేను తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో మేనేజర్ని. పొద్దున తొమ్మిదికి పోతే రాత్రి ఎనిమిదికి ఇల్లు. ఆదివారం సెలవు. ఆ ఒక్కరోజూ బూజు దులపాలి, ఫ్యాన్లు తుడవాలి, వెల్లుల్లి ఒలవాలి. ఎలా తప్పించుకోవాలా అని చూస్తుంటే పేపర్లో వార్త కనబడింది. వారానికి యాభై ఐదు గంటలు దాటి పనిచేసేవాళ్లకు గుండెజబ్బు, పక్షవాతం ముప్పు ఎక్కువట. లెక్కేసుకున్నాను. నాది అరవై ఆరు! బడిలో కూడా నాకన్ని మార్కులు రాలేదు.

“సూసినావా? ఆదివారం నేను కదిల్తే డేంజరు,” అన్నాను.

“ఫ్యాను రెక్క తుడిస్తే గుండె ఆగిపోతాదా? ఆ ముక్క యాడ రాసినారో సూపించు.”

“డాక్టరు సెప్తే నమ్ముతావా?”

“పద. నేనూ వస్తా. డాక్టరమ్మ ఒకటి సెప్తే నువ్వు ఇంకోటి సెప్తావు.”

డాక్టర్ లోకేశ్వరి గారి క్లినిక్ రెండో అంతస్తులో ఉంది. బీపీ ఘనంగా రావాలని రెండు కాఫీలు తాగి, మెట్లు రెండుసార్లు ఎక్కి దిగి, రొప్పుతూ లోపలికి పోయాను. చెమట ఆరేదాకా అరగంట కూర్చోమన్నారు. ఫ్యాను కింద హాయిగా నిద్రపోయాను.

“నూట ఇరవై, ఎనభై. పిల్లోడి గుండె మీది,” అన్నారు డాక్టరు, నా పేపరు వార్తంతా విని బీపీ చూసి.

మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. అది ఆపడానికి, “ఈమెకూ చూడండి మేడమ్,” అన్నాను.

నూట అరవై, నూరు. డాక్టరు మళ్లీ చూశారు. మళ్లీ అంతే.

నవ్వు ఆగిపోయింది.

“ఏం పని సేస్తావమ్మా?”

“నాకేం పని మేడమ్? ఇంట్లోనే కదా ఉండేది.”

“ఎన్నింటికి లేస్తావు?”

“నాలుగున్నరకు.”

వంట, క్యారేజీలు, మా అమ్మకు మందులు, బట్టలు, ఇంటి చుట్టుపక్కల వాళ్ల జాకెట్లు కుట్టడం, మళ్లీ వంట... ఆమె చెప్తుంటే డాక్టరు రాసుకుంటూ పోయారు. రోజుకు పదహారు గంటలు తేలింది.

“మీ యాభై ఐదు గంటలు, సోమవారం మొదలుపెడితే ఈయమ్మకు గురువారం మధ్యాహ్నానికే అయిపోతాండాయి,” అన్నారు నా వైపు తిరిగి.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆమె చెయ్యి పట్టుకున్నాను.

“ఏమయ్యా, కళ్లు తిరుగుతాండాయా?” అంది కంగారుగా.

మర్నాటి నుంచి మాత్రలు ఆమెకు, వంటిల్లు నాకు. నేను చేసిన మొదటి సంగటి ముద్ద చేయి జారి కింద పడితే ముద్దకేం కాలేదు గాని, గచ్చు పగిలింది. ప్రశాంతి మంచం మీద నుంచే ఆర్డర్లు వేసేది. మూడు వారాలకు నాకు లాడ్జే స్వర్గమనిపించి, మా ఓనరు శ్రీనివాసులు గారి దగ్గరికి పోయాను.

“సార్, రద్దీ ఎక్కువగా ఉండాది. ఆదివారం కూడా వస్తా.”

“వద్దప్పా. మీ ఇంటామె నిన్న ఫోన్ సేసినాది. తన బీపీ, పనిగంటలు డాక్టరు రాసిన చీటీ కూడా వాట్సాప్‌లో పంపినాది. నిన్ను రోజూ ఆరుకల్లా పంపకపోతే తానే వచ్చి కౌంటర్లో కూసుంటానన్నాది. పోప్పా, ఆరైంది.”

తలుపు తీసిన ప్రశాంతి నా మొహం చూసి పడీపడీ నవ్వింది. ఆ పొద్దునే క్లినిక్‌కు పోయివచ్చిందట. నూట ముప్పై, ఎనభై నాలుగు. నేనూ నవ్వేసి, లుంగీ కట్టుకుని, బీరకాయలు ముందేసుకున్నాను.

“తొక్క పారెయ్యద్దు,” అంది ఆమె కుర్చీలో కాళ్లు చాపుకుంటూ. “దాంతో ఊరిబిండి పచ్చడి నూరాల నువ్వు.”