పై అంతస్తులోని తాళంచెవి

ఆ ఆదివారం వాచీల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి బండిలోకి దూరాలి, పదింటికల్లా స్టీరింగ్ కిందున్న పాత పెట్టె ఊడదీసి ఇంకోటి బిగించాలి, పదకొండింటికి భార్యను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా తిప్పి తీసుకురావాలి. ఎందుకంటే పన్నెండింటికి బండిని లాక్కెళ్లడానికి మనిషి వస్తాడు.

ఆ మనిషిని పిలిపించింది భార్యే. ఆమె బడిలో హెడ్మిస్ట్రెస్. ఇంటికొచ్చాక కూడా ఆ ఉద్యోగం మానదు. పద్దెనిమిదేళ్ల ఆ పెద్ద బండిని ఆమె చాలాకాలం భరించింది. మండుటెండలో వైపర్లు వాటంతటవే ఊగితే ఊరుకుంది. వానలో అద్దాలు వాటంతటవే దిగిపోతే లోపలే గొడుగు వేసుకుని కూర్చుంది. కానీ మొన్న బడి గేటు ముందు, లోపల పిల్లలు పరీక్ష రాస్తుండగా, హారను ఏడు నిమిషాలు ఆగకుండా మోగింది. ఆ సాయంత్రమే ఆమె తేల్చి చెప్పేసింది.

"ఆదివారం పన్నెండులోపల బాగుపడిందా, సరే. లేదా, తుక్కు కింద ఇచ్చేద్దాం. ఇంక నన్ను బతిమాలకండి."

రోజంతా దుకాణంలో నూట ఇరవై గడియారాలు చెవి పక్కన టిక్కుటిక్కుమంటుంటే బతికే మనిషి మేస్త్రి. బండి డాష్‌బోర్డులోని ముళ్ల గడియారం ఏనాడో నాలుగూ పదికి ఆగిపోయింది. అందరి గడియారాలూ బాగుచేసే మేస్త్రి దాన్ని మాత్రం ముట్టుకోలేదు. తీరిక దొరికినప్పుడు సీటు వెనక్కి వాల్చుకుని కూర్చుంటే అక్కడ ఎప్పుడూ నాలుగూ పదే. ఎండ పల్చబడే వేళ, ఇంకా దేనికీ ఆలస్యం కాని వేళ. బండి కదలకపోయినా ఆయన ఎక్కడెక్కడికో వెళ్లి వచ్చేవాడు. ఆ చోటు పోతుందంటే ఆయనకు నిజంగా దిగులేసింది.

జబ్బేమిటో కనిపెట్టింది ఫ్యూజు. బండ్లకు కరెంటు పనులు చేసే అతన్ని అందరూ అలాగే పిలుస్తారు. పాత బండ్లు తీసుకుని విప్పే షెడ్డు కూడా అతనిదే. అంటే పన్నెండింటికి లాక్కెళ్లడానికి వచ్చేదీ అతనే. వైద్యం చేసేవాడూ మోసుకెళ్లేవాడూ ఒకడే కావడం మేస్త్రికి అంతగా నచ్చలేదు గానీ, వేరే దారి లేదు.

"ఇంజను నిక్షేపంలా ఉంది మేస్త్రిగారూ. బండికి మతి పోయింది, అంతే," అన్నాడు ఫ్యూజు. "స్టీరింగ్ కింద నల్ల పెట్టె ఒకటుంటుంది. బాడీ కంట్రోల్ మాడ్యూల్ అంటారు. లైట్లు, వైపర్లు, హారను, అద్దాలు, తలుపుల తాళాలు, అన్నీ దాని మాటే వింటాయి. ఇదే మోడల్ బండిలోంచి తీసింది నా దగ్గరుంది, ఇస్తా. కానీ పెట్టాక నేనొచ్చి కంప్యూటర్ తగిలించి దానికి నేర్పాలి. లేకపోతే ఇంకా పాత బండిలోనే ఉన్నాననుకుంటుంది."

"నేర్పడమేంటయ్యా!" అని నవ్వేశాడు మేస్త్రి. "ముప్పై ఏళ్లుగా ఒక గడియారం చక్రం తీసి ఇంకో గడియారంలో వేస్తున్నా. పాత గోడ గుర్తొస్తోందని ఒక్క చక్రమైనా ఆగిపోయిందా?"

ఫ్యూజు తల గోక్కుని పెట్టె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

అలా ఆదివారం తెల్లారింది. మేస్త్రి వాకిలి మెట్టు మీద తెల్లగుడ్డ పరిచాడు. ఏది విప్పినా ముందు జేబులు ఖాళీ చేయడం ఆయన పద్ధతి. చిన్న చక్రం పొరపాటున జేబులో పడిందంటే ఇంక దొరకదు. అందుకని ఫోను, కళ్లజోడు పెట్టె, బండి తాళంచెవి, అన్నీ వరుసగా గుడ్డ మీదికి చేరాయి. తర్వాత బ్యాటరీ తీగ ఊడదీసి, స్టీరింగ్ కింద వెల్లకిలా పడుకున్నాడు.

"ఏం చేస్తున్నావు నాయనా?" అని పై అంతస్తు బాల్కనీలోంచి మామ్మగారు అడిగారు.

"దీనికి మతి మారుస్తున్నా మామ్మగారూ!"

"మంచిదే. వీలైతే మా పనిమనిషికి కూడా చూడు," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయారు.

మామ్మగారి భర్త తాతగారికి కూడా అచ్చం ఇలాంటి బండే ఉండేది. అది చూసి ముచ్చటపడే మేస్త్రి ఇది కొన్నాడు. కిందటేడు తాతగారు పోయారు. ఆయన వెనకే ఆ బండీ పోయింది. వాకిట్లో రెండు బండ్ల చోటులో ఇప్పుడు ఒకటే ఉంది.

తొమ్మిదిన్నరకే పని అయిపోయింది. తీగ తగిలించి, గుడ్డ మీది తాళంచెవి తెచ్చి తిప్పాడు. ఇంజను గొంతు సవరించుకుని లేచింది. వైపర్లు బుద్ధిగా పడుకున్నాయి. అద్దాలు చెప్పినట్టు విన్నాయి. మేస్త్రికి కళ్లు చెమర్చాయి. ఇంజను ఆపి, తాళంచెవిని మళ్లీ దాని వరుసలో పెట్టి, దూరం నుంచే దాని మీటను నొక్కి తలుపులకు తాళం వేయబోయాడు. పడలేదు. మీట పాడైందేమో అనుకుని చేత్తోనే తలుపుల తాళాలు నొక్కాడు. తలుపు మీది తాళం కన్నం తుప్పుపట్టి మూసుకుపోయి నాలుగేళ్లయింది, కాబట్టి తాళంచెవి పెట్టి తిప్పే దారీ లేదు.

సరిగ్గా పదింటికి బండి రెండుసార్లు కన్నుకొట్టి 'కీ కీ' అంది. నాలుగు తలుపుల తాళాలూ టప్పున తెరుచుకున్నాయి.

మేస్త్రి చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. వెళ్లి తాళాలు నొక్కి వచ్చాడు. మళ్లీ 'కీ కీ'. మూడోసారి ఆయన తనకు తెలిసిన వైద్యమే చేశాడు. జబ్బు పడిన గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నట్టు, లోపల కూర్చుని తలుపు వేసుకుని, డాష్‌బోర్డుకు చెవి ఆనించాడు. టిక్కుమన్న చప్పుడు కూడా లేదు. ఎదురుగా నాలుగూ పది. అద్దంలోంచి ఎండ నెమ్మదిగా ఒళ్లోకి వచ్చి కూర్చుంది. సీటు కాస్త వెనక్కి వాల్చాడు. కాసేపట్లోనే బండి ఏదో చెరువు మీద తేలుతోంది, నీళ్లకింద లక్ష గడియారాలు మాటాపలుకూ లేకుండా పడుకుని ఉన్నాయి.

మెలకువ వచ్చేసరికి అద్దం బయట భార్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక ఫ్యూజు, అతని వెనక లాక్కెళ్లే బండి. పన్నెండు దాటింది. మేస్త్రి కంగారుగా తలుపు పిడి లాగాడు. రాలేదు. రెండో తలుపు లాగాడు. అదీ రాలేదు. తను నిద్రలో ఉండగా తాళాలు గట్టిగా పడిపోయాయి. రెండుసార్లు వరసగా తాళం పడితే లోపలి పిడులు కూడా పనిచేయవు ఆ మోడల్‌లో. తాళంచెవీ ఫోనూ తెల్లగుడ్డ మీద ముచ్చటగా వరుసలో ఉన్నాయి.

"బయటికి రండి!" అంది భార్య.

మేస్త్రి రాలేనన్నట్టు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"రారా! రానంటున్నారా!" ఆమె నోరు వెళ్లబెట్టింది. "చూశావా ఫ్యూజూ? ఇరవై రెండేళ్ల కాపురంలో ఒక్కసారి ఎదురు చెప్పని మనిషి, ఈ డొక్కు కోసం లోపల తాళం వేసుకుని దీక్షకు కూర్చున్నారు!"

మేస్త్రి తెల్లగుడ్డ వైపు వేలు చూపించాడు.

"తన సామాను కూడా సర్దిపెట్టుకున్నారు మేడమ్," అన్నాడు ఫ్యూజు బాధగా. "గట్టి నిర్ణయమే."

మేస్త్రి దండం పెట్టాడు. భార్య దాన్ని బతిమాలడం అనుకుని మొహం తిప్పుకుంది, కానీ ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంక గత్యంతరం లేక ఆయన హారను నొక్కాడు. ఒక్కసారి, పొడుగ్గా.

దానికి జవాబుగా బండి తాళాలు టప్, టప్ అని మరోసారి పడ్డాయి.

"నొక్కుతున్నారు, మళ్లీ మళ్లీ తాళం వేసుకుంటున్నారు!" అంది భార్య. "అంత ఇష్టమైతే నోరు తెరిచి ఒక్క మాట చెప్పచ్చుగా! నేనేమైనా రాక్షసినా?"

చెబుతూనే ఉన్నాడు పాపం, అద్దం అవతల నుంచి. మళ్లీ హారను నొక్కాడు. మళ్లీ టప్, టప్. లాక్కెళ్లే బండి కొక్కెం పట్టుకుని ఫ్యూజు ఎటూ తోచక నిలబడ్డాడు. మనిషితో సహా లాక్కెళ్లడం అతను ఎప్పుడూ చేయలేదు.

అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. మామ్మగారు గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి వస్తున్నారు. పండగకి తయారైనట్టు తల నున్నగా దువ్వుకున్నారు. మొహం వెలిగిపోతోంది, బుగ్గలు తడిగా ఉన్నాయి. గుప్పెట్లో ఒక పాత తాళంచెవి ఉంది.

"ఇవాళ పలికింది అమ్మాయ్," అన్నారు భార్య చెయ్యి పట్టుకుని. "పదింటికి ఆయన బయల్దేరేవారు కదా. తాళంచెవి ఎప్పుడూ మరిచిపోయేవారు. నేనే బాల్కనీలోంచి నొక్కి తలుపు తీసేదాన్ని. కూర్చున్నాక తాళం వేసుకోవడమూ మరిచిపోయేవారు, అదీ నేనే రెండుసార్లు నొక్కేదాన్ని. వెళ్లొస్తానని ఒక హారను కొట్టేవారు. ఆయన పోయాక కూడా రోజూ పదింటికి నొక్కుతూనే ఉన్నా, అలవాటు. ఏడాది నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇవాళ కీ కీ అంది. ఇప్పుడు హారను కూడా కొట్టింది, కొట్టినప్పుడల్లా మళ్లీ నొక్కా!"

ఫ్యూజు కొక్కెం కింద పెట్టాడు.

"పెట్టె తాతగారి బండిలోది," అన్నాడు మెల్లగా. "నేర్పకపోతే పాత బండిలోనే ఉన్నాననుకుంటుందని చెప్పానండీ. దానికి ఆ తాళంచెవే గుర్తుంది."

భార్యకు అప్పుడర్థమయింది. "మామ్మగారూ, ఒక్కసారి తెరిచే మీట నొక్కండి. మా ఆయన లోపల ఇరుక్కుపోయారు."

మామ్మగారు నొక్కారు. కీ కీ. చెమటతో తడిసి ముద్దయిన మేస్త్రి బయట పడ్డాడు. దీక్ష లేదని, పంతం లేదని, ఉత్త కునుకేనని ఆయన చెప్పబోతే భార్య వినిపించుకోలేదు. ఆయన చొక్కా అంచుతోనే ఆయన మొహం తుడిచింది.

ఫ్యూజు కంప్యూటర్ తీశాడు. "అయిదు నిమిషాల పని మేడమ్. పాత తాళంచెవిని మరిచిపోయేలా చేస్తే బండి మీ తాళంచెవి మాట వింటుంది."

మామ్మగారి చెయ్యి మెల్లగా కిందికి వాలింది. "చెయ్యి నాయనా, మరి బండి మీది కదా," అన్నారు. తాళంచెవిని భార్య చేతిలో పెట్టబోయారు.

మేస్త్రి నేల చూశాడు. బండి నిలవాలంటే అది చెరిపేయాల్సిందే, ఆ సంగతి ఆయనకు తెలుసు.

"మూసెయ్ దాన్ని," అంది భార్య.

"మేడమ్?"

"కంప్యూటర్ మూసెయ్. లైట్లు వెలుగుతున్నాయా? వైపర్లు ఊరుకున్నాయా? బాగుపడినట్టే. నువ్వు బయల్దేరు."

"కానీ తలుపులు మామ్మగారి చేతిలో ఉంటాయండీ! పాతది చెరిపితే గానీ ఇంకో తాళంచెవిని ఇది ఒప్పుకోదు!"

"ఉండనీ," అని ఆమె మామ్మగారి గుప్పెట మూసింది. "మీ దగ్గరే ఉంచండి. మా ఆయన ఎలాగూ తెల్లగుడ్డల మీద పెట్టి మరిచిపోతారు."

అప్పటినుంచి ఎక్కడికి వెళ్లాలన్నా దంపతులిద్దరూ వాకిట్లో నిలబడి పైకి కేకేస్తారు. మామ్మగారు బాల్కనీలోకి వచ్చి, ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తారు అని మూడూ కనుక్కుని, సబబనిపిస్తే నొక్కుతారు. బయల్దేరేముందు మేస్త్రి ఒక హారను తప్పనిసరిగా కొడతాడు. బండి ఇప్పుడు చక్కగా పనిచేస్తోంది, మధ్యాహ్నం మామ్మగారు పడుకునే రెండు గంటలు తప్ప.