గుంటుపల్లి పాండురంగారావు విభజన

వీడియో ఆటలకి కన్సోల్ కొనాలా, పీసీ కొనాలా అన్నది పదేళ్లు దాటినా తేల్చుకోలేకపోయినందువల్ల గుంటుపల్లి పాండురంగారావును నిబంధనల ప్రకారం రెండుగా విభజిస్తున్నామంటూ, మార్చి నెల మొదటి బుధవారం ఏలూరు పవరుపేటలోని ఆయన ఇంటి తలుపుకి నోటీసు అంటించారు. అంటించిన బంట్రోతు మంచినీళ్లడిగి తాగి, "అభ్యంతరాలుంటే మూడు వారాల్లో చెప్పుకోండమ్మా" అని వెళ్లిపోయాడు. ఆయన భార్య హైమావతి నోటీసు రెండుసార్లు చదివి, జిగురు ఆరకముందే అంచులు వేలితో గట్టిగా నొక్కింది. ఊడిపోతే ఆ బంట్రోతు మళ్లీ రావాలి, మళ్లీ మంచినీళ్లివ్వాలి.

ఇందులో వింతేమీ లేదు. ఆ ఒక్క వీధిలోనే అప్పటికి పదకొండుమంది విభజితులున్నారు. ఎదురింటి డ్రాయింగు మాస్టారు రెండేళ్ల కిందటే ఇద్దరయ్యాడు. ఒకాయన బడికి వెళ్తాడు, రెండో ఆయన సెలవు చీటీ పట్టుకెళ్తాడు. దీనికోసం జిల్లాకొక ద్వైధీభావ పరిష్కార కార్యాలయం పెట్టారు. పేరు నోరు తిరగక జనం దాన్ని రెండో ఆఫీసు అంటారు. మనిషి పదేళ్లపాటు రెండు మనసులతో తిరుగుతుంటే రికార్డులో ఒక్కడిగా చూపించడం తప్పుడు సమాచారం కిందికి వస్తుందని ఆ ఆఫీసు వారి వాదన.

పాండురంగారావు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. కొట్లోకి అడుగుపెట్టి త్రాసు వంక ఓసారి చూశాడంటే చాలు, అరగింజ తేడా ఉన్నా పట్టేస్తాడు. అలాంటి మనిషి ఇంట్లో త్రాసు మాత్రం ఎటూ మొగ్గలేదు. కన్సోల్ అయితే తెచ్చి టీవీకి తగిలించి సోఫాలో కాళ్లు చాపుకుని ఆడుకోవచ్చు. కానీ మూత విప్పి వేలు పెట్టడానికి లేదు, కంపెనీవాడు ఇచ్చిందే మహాప్రసాదం. పీసీ అయితే ఏ భాగం కావాలంటే ఆ భాగం మార్చుకోవచ్చు. కానీ ఆట మొదలుపెట్టేలోపు ఏదో ఒకటి మొరాయిస్తుంది, దాన్ని బతిమాలడంతోనే ఆదివారం కాస్తా అయిపోతుంది.

ఈ సంగతులన్నీ ఆయన పద్నాలుగు నోటుపుస్తకాల్లో రాశాడు. ప్రతి పేజీకీ మధ్యలో స్కేలు పెట్టి గీత. ఎడమవైపు కన్సోలు, కుడివైపు పీసీ. పాయింట్లు వేసుకుంటూ పోతే ఒక్కోసారి ఒకవైపు బరువెక్కేది. ఇంకొకడైతే హమ్మయ్య, తేలిపోయింది అనుకుని బజారుకి వెళ్లేవాడు. ఈయనకి మాత్రం పళ్లేలు సమానంగా లేకపోతే తప్పు తూకం చూసినట్టుండేది. వృత్తి అలవాటు కొద్దీ తేలికైన వైపు ఏదో ఒక పాయింటు వేసి, రెండూ సరిచేసి, కింద సంతకం పెట్టేవాడు. మీనమేషాలు లెక్కపెట్టేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు గానీ, లెక్కపెట్టి మరీ సమానం చేసినవాడు నాకు తెలిసి ఈయనొక్కడే.

హైమావతికి కన్సోలైనా ఒకటే, పీసీ అయినా ఒకటే. ఆవిడకి కావలసింది వేరు. పెళ్లయిన రెండో వేసవిలో, తణుకులో ఒంటిగదిలో అద్దెకున్నప్పుడు, ఆయన వీడియో లైబ్రరీ నుంచి టీవీకి తగిలించి క్యాసెట్టు పెట్టి ఆడే మిషనొకటి మూడు రోజులకని తెచ్చాడు. తెర మీద ఇద్దరు బుల్లి మనుషులు, ఒకడిది ఎర్రచొక్కా, ఒకడిది నీలం చొక్కా. గోతులు దూకుకుంటూ కుడివైపుకి పోవాలి. ఒకడు వెనకబడితే తెర కదలదు, వాడు వచ్చేదాకా రెండోవాడు ఆగాల్సిందే. ఎండకి గది పెనంలా కాలిపోయేది. తడి తువ్వాళ్లు భుజాన వేసుకుని ఆడేవాళ్లు. క్యాసెట్టు మొండికేస్తే తీసి ఊదడం హైమావతి పని. మూడు రోజులు పదకొండు రోజులయ్యాయి. ఆ లైబ్రరీవాడు కొట్టు ఎత్తేసి ఎటో పోవడంతో మిషను వీళ్ల దగ్గరే ఉండిపోయింది. "మంచిది కొని మళ్లీ ఆడదాం హైమా" అన్నాడాయన. ఆ మాట అని ఇరవై ఏడేళ్లయింది. అంత సుఖంగా ఉన్న రోజులు తనకి మళ్లీ రాలేదని హైమావతికి తెలుసు. ఆయన పక్కన కూర్చుని మళ్లీ ఒక్కసారి ఆడాలి, అంతే ఆవిడ కోరిక.

అందుకే నోటీసు గడువు మూడు వారాలూ ఆయన్ని వదల్లేదు. "ఏదో ఒకటి కొని పడేయండీ, మీకు పుణ్యముంటుంది. పోనీ బొమ్మాబొరుసూ వేయండి" అంది.

"నాణెం ఒకవైపు అరిగి ఉంటే మోసం జరిగిపోతుందే" అన్నాడాయన.

గడువు అయిపోయింది. ఉదయం స్కూటరు మీద రెండో ఆఫీసుకి ఒక్కడుగా వెళ్లిన పాండురంగారావు మధ్యాహ్నం భోజనం వేళకి ఇద్దరుగా వచ్చాడు. బండి ఎవరు నడపాలన్న దగ్గర దారిలో కాస్త మాటామాటా వచ్చిందట. నొప్పేమీ లేదన్నారు, ఆకలి మాత్రం దంచేస్తోందన్నారు. హైమావతి కందిపొడి, నెయ్యి ముందు పెట్టి ఇంకో ఎసరు పెట్టింది.

పెళ్లయిన నాటి నుంచి ఆవిడ మొగుణ్ణి పేరు పెట్టి పిలిచి ఎరగదు. ఏవండీ అంటే ఇప్పుడు ఇద్దరూ పలుకుతున్నారు. రెండు రోజులు చూసి, కన్సోలు వాటాకి వచ్చినాయనకి సోఫా ఆయన అనీ, పీసీ వాటాకి వచ్చినాయనకి కుర్చీ ఆయన అనీ తనే పేర్లు పెట్టుకుంది. ఆఫీసు వారి పంపకంలో కునుకు, పకోడీల మీద మోజు, అయిందేదో అయిందనుకునే గుణం సోఫా ఆయనకి వెళ్లాయి. స్క్రూడ్రైవరు, నడుంనొప్పి, ఏ వస్తువునైనా విప్పి చూడాలనే దుగ్ధ కుర్చీ ఆయనకి వెళ్లాయి. ఉద్యోగం ఒకటే కాబట్టి బేసి తారీఖుల్లో సోఫా ఆయన, సరి తారీఖుల్లో కుర్చీ ఆయన వెళ్లాలన్నారు. ముప్పై ఒకటి తర్వాత ఒకటో తారీఖు రావడంతో సోఫా ఆయన వరసగా రెండు రోజులు పని చేయాల్సి వచ్చింది. దాని మీద అర్జీ పెట్టుకున్నాడు. అది ఇప్పటికీ పరిశీలనలో ఉంది.

జ్ఞాపకాల పంపకం దగ్గర మాత్రం ఆఫీసువాళ్లు చాలా పద్ధతిగా వ్యవహరించారు. రాష్ట్రం విడిపోయినప్పుడు ఉద్యోగుల చేత ఆప్షను ఫారాలు నింపించినట్టే, ఒక్కో జ్ఞాపకానికీ ఒక్కో ఫారం నింపించారు. స్థానికత చూశారు. టీవీ ముందు పుట్టిన జ్ఞాపకం సోఫా ఆయనకి, బల్ల ముందు పుట్టినది కుర్చీ ఆయనకి. తల్లి పోయిన కబురు ఆయన బల్ల ముందు కూర్చుని ఉండగా వచ్చింది కనక ఆవిడ కోసం ఏడ్చే బాధ్యత కుర్చీ ఆయనదైంది. పెళ్లి పీటల మీద జరిగింది, అది ఎటూ చెందదు. దాన్ని చెరో ఆరు నెలలూ ఉంచుకోమన్నారు.

తకరారు తణుకు వేసవి దగ్గర వచ్చింది. టీవీ ముందు పుట్టింది కాబట్టి తనదేనని సోఫా ఆయన. అయిదో రోజున మిషను ఆగిపోతే విప్పి బాగుచేసింది బల్ల మీదే కాబట్టి తనదని కుర్చీ ఆయన. ఇద్దరూ పట్టు విడవలేదు. జూన్‌లో విచారణకి రమ్మని హైమావతికి కూడా కాగితం వచ్చింది. మిగతావన్నీ ఎలా పంచుకుంటే పంచుకోనీ, ఆ వేసవి చేతులు మారి ఎక్కడ పాడైపోతుందోనని ఆవిడ భయం.

విభజనాధికారిణి కంచుమర్తి భ్రమరాంబ గారు నెమ్మదస్తురాలు. ఫైలు అటూ ఇటూ తిప్పి, "ఇద్దరి వాదనలూ సరిసమానంగా ఉన్నాయమ్మా. మీరు చెప్పండి, ఎవరికిమ్మంటారు?" అని అడిగింది.

"ఎవరు నా పక్కన కూర్చుని ఆడతానంటే వాళ్లకివ్వండి మేడమ్" అంది హైమావతి. "నాకింకేం వద్దు."

అధికారిణి వాళ్లవైపు తిరిగింది. "ఏవండీ, ఆడతారా?"

"ఎందుకాడనండీ, తప్పకుండా ఆడతాను" అన్నాడు సోఫా ఆయన. "కాకపోతే దసరాకి కొత్త మోడల్ వస్తోందంటున్నారు. అదొచ్చాక మొదలెడితే బాగుంటుంది."

"నేనూ సిద్ధమేనండీ" అన్నాడు కుర్చీ ఆయన. "సంక్రాంతికి కొత్త గ్రాఫిక్స్ కార్డు వస్తోంది. అది వేశాక ఇక ఆపేదే లేదు."

ఉభయులూ ఆడుటకు సిద్ధము, ప్రారంభ తేదీ లేదు, అని అధికారిణి రాసుకుంది. అలాంటప్పుడు జ్ఞాపకాన్ని ఇద్దరి దగ్గర్నుంచీ తీసేసి, సంరక్షకురాలిగా భార్య దగ్గర ఉంచాలని పద్నాలుగో నిబంధన. పక్కగదిలో ఐదు నిమిషాల్లో పని పూర్తిచేసి, లక్క ముద్ర వేసిన ఖాకీ కవరొకటి హైమావతి చేతిలో పెట్టారు. విప్పిన వారికి జ్ఞాపకముతో పాటు దానికి అంటుకుని ఉన్న ఆలోచనలు కూడా సంక్రమించును, అని కవరు వెనక అచ్చేసి ఉంది. ఆవిడ చదవకుండానే సంతకం పెట్టింది. అలాంటివి ఎవరు చదువుతారు?

ఇంటికొచ్చాక కవరు బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టింది. పరాయి మనిషి ఉత్తరంలాంటిది, అడక్కుండా చింపడం మర్యాద కాదు. నాలుగు రోజులు ఊగిసలాడి, కాఫీలు ఇస్తూ ఇద్దర్నీ కూర్చోబెట్టి అడిగింది. "అది విప్పమంటారా?"

"ఏది?" అన్నాడు సోఫా ఆయన.

"అదేనండీ, తణుకుది."

"తణుకులో మనకేం పని?" అని కుర్చీ ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. అసలు ఆట ఎందుకు మొదలెట్టాలనుకున్నారో వాళ్లలో ఎవరికీ ఇప్పుడు తెలియదు. కొనాలని మాత్రం గట్టిగా తెలుసు. హైమావతికి ఏడుపొచ్చింది. గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

దసరాకి కొత్త మోడల్ రానే వచ్చింది. అయితే డిస్కు పెట్టేదొకటీ, డిస్కు లేనిదొకటీ, రెండు రకాలుగా వచ్చింది. సోఫా ఆయన పదిహేనో నోటుపుస్తకం తెరిచాడు. కుర్చీ ఆయన పీసీ బిగించి ఉన్నది కొనాలా, విడిభాగాలు తెచ్చి బిగించుకోవాలా అన్న దగ్గర ఆగి పదహారోది తెరిచాడు. ఒకసారి విభజనైన వాళ్లకి గడువు ఆరు నెలలే. అలా ఏప్రిల్ రెండో వారానికల్లా ఇంట్లో సోఫాలో ఇద్దరు, కుర్చీల్లో ఇద్దరు అయ్యారు. ఈసారి నోటీసు తెచ్చిన బంట్రోతు మంచినీళ్లు అడగలేదు, హైమావతే ఇచ్చింది. పేర్లు పెట్టే ఓపిక ఇక ఆవిడకి లేకపోయింది. ఏవండీ అంటే నలుగురిలో దగ్గరున్నవాళ్లు పలుకుతున్నారు, గ్యాసుబండ మార్చడానికి ఎవరైతేనేం?

మే నెలలో ఒక మధ్యాహ్నం, వడగాలికి తలుపులన్నీ మూసుకుని ఉండగా, హైమావతికి తెగింపు వచ్చింది. మొగుడే నాలుగు ముక్కలయ్యాక ఇంకా మర్యాదేమిటి అనుకుని, బీరువా తీసి కవరు చింపింది.

తణుకు గది కళ్ల ముందుకొచ్చింది, కానీ ఆయన కళ్లతో. పక్కన ఇరవై మూడేళ్ల హైమావతి, భుజాన తడి తువ్వాలు, క్యాసెట్టు ఊదడానికి బుగ్గలు పూరించి. ఆయన తెర వంక చూడటమే లేదు, ఆమెనే చూస్తున్నాడు. ఆయన గుండెలో సంతోషం ఆమె గుండెలో పొంగింది. ఇంతగా ఇష్టపడ్డాడా నన్ను అనుకుంది ఆవిడ. అంతలో ఆ సంతోషానికి అంటుకుని ఉన్న ఆలోచన కూడా వచ్చింది. డొక్కు మిషను మీదే ఇంత బాగుంటే, మంచిదాని మీద ఇంకెంత బాగుంటుందో. అది కొన్నాక సరిగ్గా ఆడదాం. ఇది లెక్కలోకి రాదు.

ఆవిడకి బాధేసింది గానీ కోపం రాలేదు. తర్వాత స్టూలు వేసుకుని అటక మీంచి పాత మిషన్నీ, పాత టీవీనీ దింపింది. దుమ్ము దులిపి, తీగలు తగిలించి, క్యాసెట్టు ఊది పెట్టింది. బొమ్మ వచ్చింది. ఎర్రచొక్కావాడూ, నీలం చొక్కావాడూ ఎడమ మూల నిలబడ్డారు. నీలంవాణ్ణి నడిపించే మీటల బోర్డు ఆవిడ చేతిలో ఉంది. ఎర్రవాడి బోర్డు పక్కన చాప మీద ఉంది. అవతలి గదిలో నలుగురున్నారు. ఏవండీ అంటే ఎవరో ఒకరు రాకపోరు.

పిలవబోయి ఆగింది. బొమ్మ అంచుల్లో మసకగా ఉంది. ఎర్రవాడి బోర్డు మీద ఒక మీట వదులైంది. ఇరవై ఎనిమిదేళ్లు ఆగినదాన్ని, ఈ డొక్కుదాని మీద ఆడేసి చెడగొట్టుకోవడం దేనికి? మంచిది వచ్చాక సరిగ్గా ఆడదాం. ఇది లెక్కలోకి రాదు. ఆ ఆలోచన ఆవిడకి ఎంతో సబబుగా తోచింది. ఇన్నాళ్లూ తనకి తట్టనందుకు ఆశ్చర్యం కూడా వేసింది. టీవీ ఆపేసి, తీగలు చుట్టి, మిషను మళ్లీ గోనెసంచిలో పెట్టి అటకెక్కించింది.

"ఏవండీ" అని కేకేసింది. "ఆ కొత్తది ఎప్పుడొస్తుందంటున్నారు?"

"వచ్చే ఏడాది" అని అవతలి గదిలోంచి నాలుగు గొంతులు ఒక్కసారే పలికాయి.

"అయితే అప్పుడే ఆడదాం లెండి" అంది హైమావతి. మనసు తేలికపడింది. వెళ్లి ఐదుగురికి సరిపడా బియ్యం కడిగింది.