మూడు పెట్టెల్లో వాన

ఇలా దగ్గరికి రా తల్లీ, ఆ కుర్చీ కాస్త ఇటు లాక్కో. ఫోను బోర్లా పెట్టు. నీకొక పెద్ద సంగతి చెబుతాను. మనిషి టీవీని కనిపెట్టింది చూడడానికి. చూసీ చూసీ విసుగెత్తాక, ఇక చూడకుండా ఉండడానికి కనిపెట్టిందే రికార్డరు. ఈ ముక్క ఏ పుస్తకంలోనూ ఉండదు. మా ఇంట్లో జరిగింది కాబట్టి నాకు తెలుసు.

రికార్డరంటే టీవీ పక్కన కూర్చునే నల్లటి పెట్టె. మనం లేనప్పుడు వచ్చిన కార్యక్రమాన్ని పట్టి దాచి, మనకు తీరిక దొరికినప్పుడు చూపిస్తుంది. (తీరిక ఎప్పుడు దొరుకుతుందో పెట్టెకు తెలియదు, మనకూ తెలియదు. అందుకే దాచడం ఒక్కటే జరుగుతుంది.) అలాంటి పెట్టె ఒకటి కొని తెస్తే సరిపోయేది. మావాళ్ళు కొనలేదు. పోల్చారు.

అసలు పెట్టె అవసరం ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. మా కోడలు బట్టలు కుడుతుంది. వీధి వైపు గదిలో మిషను వేసుకుని, ఈ వీధిలో సగంమందిని టేపుతో కొలిచింది. ఎవరు లావయ్యారో, ఎవరు చిక్కారో, ఎవరు చిక్కామని చెప్పుకుంటున్నారో దానికి తెలిసినంతగా డాక్టరుకు కూడా తెలియదు. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పదు. నేను ఆ గదిలోనే కిటికీ పక్కన కూర్చుని గుండీలు కుడుతూ, దారప్పోగులు తీస్తూ ఉంటాను. అది పనిచేస్తుంది, నేను మాట్లాడతాను. పనులు అలా పంచుకున్నాం.

టీవీవాళ్ళు ఒక పోటీ పెట్టారు. పాత గుడ్డ ఒకటి చేతికిస్తారు. గంట కొట్టేలోగా దానితో కొత్త బట్ట కుట్టాలి. కోడలు ఎవరికీ చెప్పకుండా పేరిచ్చింది, పిలుపొచ్చింది. ఒకరోజు పొద్దున్నే కత్తెర సంచిలో వేసుకుని వెళ్ళి, సాయంత్రం తిరిగొచ్చి, చేతులు కడుక్కుని వంటకు దిగింది. గెలిచిందో ఓడిందో టీవీలో వచ్చేదాకా బయటపెట్టకూడదని సంతకం పెట్టించుకున్నారట. అది చెప్పలేదు. మావాళ్ళు కూడా ఆ నియమాన్ని ఎంతో నిష్ఠగా పాటించారు. ఎవరూ అడగలేదు.

కార్యక్రమం ఒక్కసారే వస్తుంది, మళ్ళీ వేయరు అని టీవీవాళ్ళు ముందే చెప్పారు. అప్పుడు కోడలు, ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ నోరు తెరిచి ఏదీ అడగని మనిషి, మా అబ్బాయిని అడిగింది.

"ఏమండీ, అది వచ్చినప్పుడు పట్టి దాచేది ఏదైనా దొరుకుతుందా? నన్ను నేను ఒకసారి చూసుకోవాలని ఉంది. పని చేసేటప్పుడు ఎలా ఉంటానో నాకు తెలీదు."

పాపం, అడగకూడని మనిషిని అడిగింది. మా అబ్బాయి తూనికలు కొలతల శాఖలో ఉద్యోగి. కొట్టువాడి కిలో నిజంగా కిలోయేనా అని చూడడం వాడి పని. ఏ వస్తువైనా ఒంటరిగా ఉంటే వాడు నమ్మడు, పక్కన ఇంకొకటి పెట్టాలి. చిన్నప్పుడు వాడికీ వాడి చెల్లెలికీ పాలిస్తే, రెండు గ్లాసులూ కిటికీ గట్టు మీద పక్కపక్కన పెట్టి, ఒంటి కన్ను మూసి, వంగి చూసేవాడు. తేడా లేదని తేలేసరికి పాల మీద మీగడ కట్టేది. అప్పుడు మీగడ ఎవరిది ఎక్కువో చూడాల్సి వచ్చేది.

వాడు తీర్పు చెప్పాడు: ఒక్క పెట్టె కొంటే అది మంచిదో కాదో ఎలా తెలుస్తుంది, పక్కన రెండోది ఉండాలి. రెండే ఉంటే తగవు తెగదు, మూడోది ఉండాలి. అలా మూడు దుకాణాల నుంచి మూడు పెట్టెలు, నచ్చితేనే ఉంచుకునే షరతు మీద, మా హాల్లోకి వచ్చి చెప్పుల అల్మరా మీద బారులు తీరాయి.

వెంటనే ఒక సంఘం ఏర్పడింది. దాని పేరు గృహ టెలివిజన్ రికార్డర్ల తులనాత్మక పరిశీలనా సంఘం. (ఆ పేరుకే ఒక ఆదివారం పట్టింది.) అధ్యక్షుడు మా అబ్బాయి. సభ్యులు ఇద్దరు. ఒకరు మా అల్లుడుగారు, ఇన్సూరెన్సు ఏజెంటు, పై వాటాలోనే కాపురం. రెండోవారు పక్కింటి స్టేషన్ మాస్టరుగారు, రిటైరయ్యి చాలాకాలమైనా ఇప్పటికీ ఎవరు గుమ్మంలోకొచ్చినా ముందు గడియారం చూస్తారు. కోడల్ని సంఘంలోకి తీసుకోలేదు. కార్యక్రమం తనదే కాబట్టి పక్షపాతం ఉంటుందన్నారు. నన్ను తీసుకోలేదు, నాకు చదువు లేదన్నారు. టీ మాత్రం పక్షపాతం లేకుండా కోడలే పెట్టింది.

మొదటి నియమం: మూడు పెట్టెలూ ఒకే కార్యక్రమాన్ని పట్టాలి. ఏ కార్యక్రమం అన్న దగ్గర సంఘం చీలిపోబోయింది. మా అబ్బాయికి చర్చలు కావాలి, అల్లుడుగారికి ఆటలు కావాలి, స్టేషన్ మాస్టరుగారికి పాత సినిమాలు కావాలి. చివరికి ముగ్గురిలో ఎవరికీ ఇష్టం లేనిది ఏకగ్రీవంగా ఎన్నికైంది. అది రోజూ ఎనిమిదింటికి వచ్చే వాతావరణ వార్తలు. ఇవి ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పిపోకూడదని మూడు పెట్టెలకూ మొదటి ప్రాధాన్యంగా చెప్పి పెట్టారు.

రెండో నియమం: పట్టినదేదీ చెరపకూడదు, అది సాక్ష్యం. మూడో నియమం: పోలిక పూర్తయ్యేదాకా పట్టినదాన్ని ఎవరూ చూడకూడదు, ఒక్కొక్కరి కన్ను ఒక్కోలా ఉంటుంది కాబట్టి. మరి చూడకుండా ఎలా పోలుస్తారని నేనడిగాను. "అత్తయ్యగారూ, అది తర్వాతి దశ" అన్నారు అల్లుడుగారు.

తొలి దశలో అల్లుడుగారు గ్యారంటీ కాగితాలు చదివారు. పిడుగు పడితే వర్తించదట, పిల్లలు ముట్టుకుంటే వర్తించదట, తేమ తగిలితే వర్తించదట, మామూలుగా వాడితే వచ్చే అరుగుదలకు అసలే వర్తించదట. వృత్తి ధర్మంగా వారికి ఆ రాత ఎంతో నచ్చి, రెండుసార్లు పైకి చదివారు. స్టేషన్ మాస్టరుగారి బెంగ వేరు. ఏ కార్యక్రమమూ చెప్పిన వేళకు బయల్దేరదు కాబట్టి ముందు కాస్త, వెనక కాస్త కలిపి పట్టాలన్నారు. అలా మా వాతావరణానికి ముందూ వెనకా సబ్బుల ప్రకటనలు కూడా సాక్ష్యంలో చేరాయి. ఇక మా అబ్బాయి, పెట్టె ఎంత పడుతుందని అట్ట మీద రాసినదాన్ని నమ్మలేదు. ఆఫీసు నుంచి తక్కెడ తెచ్చి, ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, వారం వార్తలు పట్టాక ఒకసారి పెట్టెల్ని తూచాడు. రెండుసార్లూ ఒకే బరువు తూగాయి. వాడికి దుకాణంవాళ్ళ మీద అప్పుడే అనుమానం మొదలైంది.

మధ్యలో ఒకరోజు నిజంగానే వాన ముంచుకొచ్చింది. సంఘమంతా హాల్లో కూర్చుని, వాన పడుతుందని టీవీ చెబుతుంటే ఆ చెప్పడాన్ని పెట్టెలు సరిగా పడుతున్నాయా లేదా అని చూస్తున్నారు. మేడ మీద తీగ నిండా పరాయివాళ్ళ బట్టలు, మర్నాటికి ఇవ్వాల్సినవి. కోడలూ నేనూ మెట్లెక్కి పరుగెత్తాం. మేము తడిసిన గుడ్డలు పిండుకుంటూ దిగివస్తుంటే స్టేషన్ మాస్టరుగారు వేలు పెదవుల మీద పెట్టి, చప్పుడు చేయవద్దని సైగ చేశారు. ఆ వాన ఇప్పటికీ మూడు పెట్టెల్లోనూ భద్రంగా ఉంది.

ఆ రోజు రానే వచ్చింది. కార్యక్రమం ఎనిమిదింటికి. పొద్దున కోడలు "ఇవాళేనండీ" అంది. అంతా సిద్ధమన్నాడు మా అబ్బాయి. సాయంత్రానికి హాల్లో మూడు కుర్చీలు వేశారు, టీవీ వైపు కాదు, పెట్టెల వైపు. పెట్టె పనిచేస్తుంటే దాని మూతి దగ్గర చిన్న ఎర్రదీపం వెలుగుతుంది. పరీక్ష ముగిసేదాకా సభ్యుల దృష్టి ఆ దీపాల మీదే ఉండాలని కొత్త నియమం.

మా కుట్టు గదిలో ఒక పాత లావు టీవీ ఉంది. రికార్డరు తగిలించడానికి దానికి సరైన రంధ్రం లేదు కాబట్టి పోలికకు పనికిరాదని దాన్ని ముందే జాబితాలోంచి కొట్టేశారు. నేను దాని ముందు కూర్చున్నాను. కోడలు తల దువ్వుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. కనబడబోయేది టీవీలోనే అయినా, అప్పుడే అక్కడికి వెళ్తున్నట్టు తల దువ్వుకుంది.

కార్యక్రమం పాట మొదలైందో లేదో, హాల్లోంచి పిలుపు. రెండో పెట్టె ఏవో అంకెలు అడుగుతోందట. ఆ అంకెలు కోడలి ఫోనుకు వచ్చాయి. ఇంటికొచ్చే ప్రతి మెకానిక్కుకూ ఫోనెత్తేది అదే కాబట్టి, కనెక్షన్ దాని నంబరు మీదే ఉంది. వెళ్ళి చదివింది. అల్లుడుగారు అంకెలు కొట్టేముందు షరతులు చదవడం మొదలుపెట్టారు. షరతులు పూర్తయ్యేసరికి అంకెలకు కాలం తీరింది. మళ్ళీ కొత్త అంకెలు, మళ్ళీ చదవడం. ఇంతలో మొదటి పెట్టె, కడుపు నిండిపోయింది, పాతది ఏదైనా చెరపమంది. చెరపాలంటే సంఘం తీర్మానించాలి. స్టేషన్ మాస్టరుగారు ఒప్పుకోలేదు. మూడో పెట్టె ఒక్కటే కిక్కురుమనకుండా ఎర్రదీపం పెట్టుకుని పట్టుకుంటూ పోయింది. దాన్ని చూసి ముగ్గురూ ఊపిరి పీల్చుకున్నారు.

నేను గుమ్మం దాకా వెళ్ళి పిలిచాను. "ఒరే, మీ ఆవిడ టీవీలో ఉందిరా. లేచి రండి."

"మధ్యలో లేస్తే పరీక్ష పాడైపోతుందమ్మా. రికార్డవుతోందిగా. తర్వాత తీరిగ్గా చూద్దాం" అన్నాడు, దీపం మీంచి కన్ను తీయకుండా.

కార్యక్రమం అయిపోయింది. మూడో పెట్టెను వేడుకగా తెరిచారు. అందులో వాతావరణ వార్తలు ఉన్నాయి. వార్తలూ పోటీ రెండూ ఎనిమిదింటికే వచ్చాయి, మొదటి ప్రాధాన్యం వార్తలది, పెట్టె మాట తప్పలేదు. మర్నాడు ఆకాశం నిర్మలంగా ఉంటుందని వార్తల అమ్మాయి చెబుతుంటే సంఘం మొత్తం నోరెత్తకుండా చివరిదాకా చూసింది. పట్టినదాన్ని వాళ్ళు చూడడం అదే మొదలు. తర్వాత సమీక్ష జరిగింది. యంత్రం చెప్పింది చెప్పినట్టు చేసింది కాబట్టి దానికి పూర్తి మార్కులు వేశారు. ఒకే వేళకు రెండు కార్యక్రమాలు పెట్టిన టీవీవాళ్ళదే తప్పని తేల్చారు.

మా అబ్బాయి కోడలి వైపు తిరిగి, "పోనీ నువ్వైనా చూశావా?" అన్నాడు.

"మీ పక్కనే నిలబడి అంకెలు చదువుతున్నాను కదండీ" అంది కోడలు. టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

మర్నాడు మిషను దగ్గర కూర్చుని, తొక్కకుండా, చాలాసేపు దారం ఎక్కిస్తూ ఉండిపోయింది. తర్వాత నా వైపు చూడకుండా అడిగింది. "అత్తయ్యా, ఎలా ఉన్నాను?"

చెప్పాను. పోటీలో అందరికీ తలా ఒక వెలిసిపోయిన కిటికీ తెర ఇచ్చారు. మిగతావాళ్ళు గబగబా కత్తెర పెట్టేశారు. నా కోడలు ముందు దాన్ని వెలుతురుకు పట్టి, ఎండ తగలని చోటు ఎక్కడుందా అని వెతికింది. ఆ చోటు ముందుకు వచ్చేలా చిన్నపిల్లల కోటు కత్తిరించింది. చలేస్తే చేతులు పెట్టుకోవడానికి లోపలివైపు జేబులు. తెర వేలాడదీసే పట్టీని పారేయకుండా కోటు తగిలించుకునే కొక్కెంలా మెడ దగ్గర కుట్టింది. కాజాలు కుట్టేటప్పుడు నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుంటుంది. తనకు తెలియదు.

"నిజంగానా" అంది. నవ్వింది. "ఆ కాజాల దగ్గర ఇంకోసారి చెప్పండి."

మళ్ళీ చెప్పాను. ఆపమన్న చోట ఆపాను, వెనక్కి వెళ్ళమన్న చోట వెళ్ళాను. చివర్న గెలిచావని కూడా చెప్పాను, తనకు తెలిసినా మొదటిసారి విన్నట్టే విన్నది. ఒక్కటి మాత్రం నెమ్మదిగా చెప్పాను. ఆ కార్యక్రమం నడిపే అబ్బాయి, మీ పని ఇంట్లోవాళ్ళు ఎప్పుడైనా కూర్చుని చూశారా అని అడిగాడు. "ఇంతవరకు లేదండీ. ఇది వచ్చిన రోజున చూస్తారు" అంది నా కోడలు. ఆ అబ్బాయి మా వైపు తిరిగి, చూస్తున్నారు కదా అన్నాడు. చూస్తున్నాను నాయనా అన్నాను.

కోడలు మిషను తొక్కింది.

వారానికి బహుమతి వచ్చింది. బట్టలు కత్తిరించుకునే పెద్ద బల్ల, మనిషి నడుం ఎత్తు, నున్నటి పలక. ఇన్నాళ్ళూ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని కత్తిరించిన మనిషి, దాని అంచు పొడవునా అరచేత్తో నిమిరింది. సంఘం కూడా చాలా సంతోషించింది. చెప్పుల అల్మరా మీద పెట్టెలకు గాలి ఆడటం లేదట. పోలిక పూర్తయ్యేదాకా, తాత్కాలికంగా, మూడు పెట్టెలూ ఆ బల్ల ఎక్కాయి.

మర్నాడు మగవాళ్ళు బయటికి వెళ్ళాక కోడలూ నేనూ బల్లను గదిలోకి ఈడ్చుకున్నాం. పెట్టెల్ని మళ్ళీ అల్మరా మీద, ఏది ఎక్కడుందో అక్కడే, బారుగా పెట్టాం. ఇస్త్రీపెట్టెకు ప్లగ్గు చాలలేదు. పెట్టెల తీగలు పీకి, వాటికి కరెంటు ఇస్తున్న పొడుగు ప్లగ్గు బోర్డు తెచ్చుకుంది. దీపాలు ఆరిపోయాయి. నా గుండీల డబ్బాలో చిన్న ఎర్ర గుండీలు బోలెడున్నాయి. మూడింటికీ మూతి దగ్గర తలా ఒకటి జిగురు పెట్టి అంటించాను.

సాయంత్రం మా అబ్బాయి బల్ల ఏదని అడిగాడు. "బట్టలకు కదండీ" అంది కోడలు. వాడు గదిలోకి తొంగి చూసి, సరేనని వెళ్ళి దీపాల ముందు కూర్చున్నాడు.

నెల అవుతోంది. పోలిక చక్కగా సాగుతోంది. రెండో పెట్టె దీపం మిగతా రెండింటికన్నా నిలకడగా ఉందని స్టేషన్ మాస్టరుగారు మొన్న దానికి ఒక మార్కు ఎక్కువ వేశారు.

అదీ సంగతి. నువ్వు మాత్రం గుర్తు పెట్టుకో తల్లీ. కిటికీ తెర, లోపలి జేబులు, మెడ దగ్గర కొక్కెం, పళ్ళ మధ్య నాలిక కొస. ఒక్కటీ వదలకుండా నలుగురికీ చెప్పు, ఆ నలుగుర్నీ ఇంకో నలుగురికి చెప్పమను. మా అబ్బాయికి మాత్రం ఆ ఎర్ర గుండీల ముక్క తెలియకూడదు. అందుకని వాడికి నోటితో చెప్పకు, రికార్డు చేసి ఇవ్వు. భద్రంగా దాచుకుంటాడు.